మీకు తెలుసా? సీమ కోటల బురుజులు, బాణాలు, పాతర్లు

కర్నూలు కొండారెడ్డి బురుజుకూ దుబాయిలోని బుర్జ్ ఖలీఫాకూ పేరులో చుట్టరికం ఉంది. రెండు చోట్లా ఉన్నది అరబ్బీ 'బుర్జ్' అనే మాటే. పారశీకం, దక్కనీ మీదుగా నడిచి వచ్చి మన నోట 'బురుజు' అయింది. గల్ఫుకు పనికి పోయిన రాయచోటి మనిషికి ఆ పేరు పరాయిది కానక్కర్లేదు.

2003లో 'ఒక్కడు' సినిమా వచ్చాక కొండారెడ్డి బురుజు తెలియని తెలుగువాడు లేడు. అయితే దాన్ని ఒంటరి కట్టడంగా చూసేవాళ్లే ఎక్కువ. తుంగభద్ర, హంద్రీ కలిసే చోట విజయనగర కాలంలో లేచిన పెద్దకోటకు అదొక మూల మాత్రమే. అచ్యుతదేవరాయల పేరుతో ఆ కోటను ముడిపెడతారు. గోడలు చాలావరకు పోయాయి, ఎర్రబురుజు లాంటివి ఒకటీ అరా మిగిలాయి. ఆ గోడల దారి వెంట ఊరు ఇళ్లు కట్టుకుంది.

బురుజు అనే మాట రాకముందు మనవాళ్లు దాన్నేమనేవారు? కొత్తళం. 'కోటలూ కొత్తళాలూ' అని ఇప్పటికీ జంటగా అంటాం గానీ, ఆ రెండోది ఏమిటని ఎవరూ అడగరు. గోడ నుంచి ముందుకు పొడుచుకు వచ్చి, గోడ మొదట్లోకి చేరిన శత్రువును పక్క నుంచి కొట్టడానికి వీలిచ్చేదే కొత్తళం. నిలువు గోడ మీద నిలబడినవాడికి సరిగ్గా తన కాళ్ల కింద ఉన్నవాడు కనపడడు. ఆ కనపడని చోటును పోగొట్టడానికే ఈ ఏర్పాటంతా.

బయటి నుంచి లోపలికి

కోటకు పోయే మనిషికి మొదట తగిలేది పేట. బేహారులు, సాలెవాళ్లు, కమ్మరులు ఉండే ఊరు అది. ముట్టడి వస్తే మొదట కాలేదీ, దోపిడీకి గురయ్యేదీ పేటే. ఇంగ్లీషు సైన్యాధికారులు ఈ మాటను తమ నివేదికల్లోకి ఉన్నదున్నట్టు తీసుకున్నారు. పేట దాటితే అగడ్త. దాన్నే కందకమనీ అంటాం, ఈ రెండోది అరబ్బీ 'ఖందక్' నుంచి వచ్చింది. అగడ్త దాటితే అలంగం, అంటే కోట ప్రాకారం. తంజావూరులో ఇప్పటికీ 'అలంగం' పేరుతో వీధులున్నాయి. ప్రాకారం నెత్తిన పళ్ల వరసలా ఉండేవి కోటకొమ్మలు. గోడలో పెద్ద వాకిలి గవని. ఆ పెద్ద తలుపులోనే మనిషి తలవంచి దూరేంత చిన్న తలుపు దిడ్డి.

ఈ దిడ్డి తెలివైన ఏర్పాటు. పెద్ద తలుపు తెరిస్తే గుర్రం మీదివాడు నేరుగా దూకి వస్తాడు. దిడ్డిలో మాత్రం ఒక్కొక్కరే, అదీ మెడ వంచి రావాలి. లోపల కత్తి పట్టుకుని ఒక్కడు కావలి ఉంటే చాలు.

గండికోట ముఖద్వారం దగ్గరికి పోతే చెక్క తలుపుల మీద ఇనుప రేకులు, ఇనుప మేకులు కనపడతాయి. ఆ మేకులు ఏనుగు కోసం. తలుపును కుమ్మడానికి తోలుకొచ్చిన ఏనుగు నుదుటికి అవి గుచ్చుకునేవి. ఇక అగడ్త తవ్వే పని ఆ కోటకు ఒకవైపున పెన్నేరే చేసిపెట్టింది. ఎర్రమల కొండలను చీల్చుకుంటూ నది పారే ఆ లోయే 'గండి'. కోటకు పేరు కూడా దాన్నుంచే వచ్చింది.

కరగని విగ్రహాలు

గోల్కొండ వజీరు మీర్ జుమ్లా 1650లో గండికోటను పట్టుకున్నాడు. రెండేళ్ల తర్వాత ఫ్రెంచి నగల వర్తకుడు టావెర్నియే అతన్ని కలవడానికి కోటకు వచ్చి, అక్కడ విన్నదీ చూసిందీ రాసుకున్నాడు. మీర్ జుమ్లాకు 20 ఫిరంగులు కావాలి. 48 పౌన్ల గుండు పేల్చేవి 10, 24 పౌన్లవి 10. అంటే దాదాపు 22 కిలోల ఇనుప గుండు ఒకటి, 11 కిలోలది ఇంకొకటి. పోత పోయడానికి మైయే అనే ఫ్రెంచివాణ్ని కుదిర్చాడు. రాగి ఎక్కడిది? గుళ్లలోని విగ్రహాలు. నాలుగు దిక్కుల నుంచీ వాటిని తెప్పించి కొలిమిలో వేయించాడు.

గండికోట పెద్ద గుడిలో ఆరు రాగి విగ్రహాలు ఉండేవి, వాటిలో మూడు పదేసి అడుగుల ఎత్తువి. మిగతావన్నీ కరిగాయి గానీ ఆ ఆరూ కరగలేదని టావెర్నియే రాశాడు. పూజారులు మంత్రం వేశారని వాళ్లను నిందించారట. చివరికి ఒక ఫిరంగి బీటలు వారింది, ఇంకొకటి సగంలో ఆగింది. పోతగాడు ఒక్కటీ సరిగా పోయలేక పని వదిలి వెళ్లిపోయాడు. వేడి చాలలేదనే నేననుకుంటాను. భారీ విగ్రహాన్ని ఒకేసారి కరిగించాలంటే కొలిమి, తిత్తి, బొగ్గు అన్నీ దానికి తగ్గట్టుండాలి. అయినా ఆ ఆరు విగ్రహాలూ ఆ కొలిమికి లొంగలేదని చదివినప్పుడు నాకు కలిగిన సంతోషాన్ని దాచుకోలేను.

'ఫిరంగి' అన్న మాటకు అసలు అర్థం పరదేశి అనే. ఫ్రాంకుల దేశం నుంచి వచ్చిన వస్తువు గనుక ఆ పేరు. తుపాకి తుర్కీ మాట. గుండు మాత్రం మనదే. ఇనుప గుండ్లకు ముందు రాతిని గుండ్రంగా చెక్కి పేల్చేవారు.

మందు ఎక్కడి నుంచి వచ్చేది?

తుపాకి మందులో నూటికి సుమారు 75 పాళ్లు సురేకారం, 15 బొగ్గు, 10 గంధకం. అంటే మందంటే ముప్పాతిక వంతు సురేకారమే. దాన్ని పల్లెల్లో పెట్లుప్పు అనేవారు, పెట్లుమని పేలే ఉప్పు గనుక. ఇది దొరకడానికి వాన తక్కువ నేల కావాలి. పశువులు కట్టేసిన చోట, పాత ఊరి దిబ్బల్లో, చౌడు నేలల్లో ఎండాకాలం ఇది తెల్లగా పైకి పొంగుతుంది. వానలు బాగా పడే చోట ఇది నేలలోకి ఇంకిపోతుంది, ఏట్లో కలిసిపోతుంది. కరువు సీమ అని మనల్ని మనం తిట్టుకునే ఈ ఎండే ఆ రోజుల్లో దండుకు కావలసిన సరుకును పండించింది.

తీసేవాళ్లు ఉప్పరులు. చౌడు మన్నును గీకి తెచ్చి, మట్టి తొట్లలో పోసి, నీళ్లు పట్టించి, కిందికి కారిన ఊటను కాచేవారు. చల్లారే కొద్దీ సురేకారం పలుకులు కట్టేది, మామూలు ఉప్పు ఊటలోనే ఉండిపోయేది. ఇదే చౌటి నుంచి తినే ఉప్పునూ తీసేవారు. ఈస్టిండియా కంపెనీ ఉప్పు మీద గుత్తాధిపత్యం తెచ్చుకున్నాక ఆ మట్టి ఉప్పు సర్కారు కంట్లో నలుసైంది, పోనుపోను ఆ వృత్తే పోయింది. కోటలు కూల్చినవాళ్ల గురించి పుస్తకాలు వచ్చాయి. ఉప్పరుల తొట్ల గురించి రాసినవాళ్లు తక్కువ.

దీపావళి మాట, యుద్ధం మాట

బాణసంచా అంటాం కదా, అందులోని బాణం విల్లు నుంచి వదిలేది కాదు. మందు కూరి నిప్పంటించి వదిలే రాకెట్టును కూడా పాత తెలుగులో బాణమనే అనేవారు. హైదర్ అలీ 1779లో కడప నవాబు అబ్దుల్ హలీం ఖాన్‌ను ఓడించాక ఈ సీమ మైసూరు దండు చేతికి వచ్చింది. ఆ దండు ప్రత్యేకతే ఇనుప గొట్టపు బాణాలు. కాగితం, వెదురు గొట్టాల కంటే ఇనుము ఎక్కువ ఒత్తిడిని తట్టుకుంటుంది, అందుకే అవి ఎక్కువ దూరం పోయేవి. 1780 సెప్టెంబరులో పొల్లిలూరు పోరులో కంపెనీ మందుగుండు బండ్లు పేలిపోవడం ఈ బాణాల పుణ్యమేనని చెబుతారు. హైదర్ కొడుకు టిప్పు పోయాక ఆ గొట్టాలు ఇంగ్లాండుకు చేరాయి. వాటిని చూసే విలియం కాంగ్రీవ్ తన రాకెట్లు తయారు చేశాడు.

పాతర

కోట పడిపోయేది గోడ పగిలినప్పటి కంటే గింజ అయిపోయినప్పుడే ఎక్కువ. అందుకే గండికోటలో నాకు అన్నిటికంటే గొప్పగా అనిపించేది ధాన్యాగారం. రాతి గోడలు, కమాను కప్పు ఉన్న ఆ పెద్ద కట్టడంలో ఒక్క శిల్పమూ కనిపించదు. కోటలోనే రాయల చెరువు. తిండీ నీళ్లూ దగ్గరదగ్గరే పెట్టుకున్నారు.

ఊళ్లలో అదే పనిని పాతర చేసేది. గట్టినేల చూసి గుంత తవ్వి, గోడలకు గడ్డి పరిచి, జొన్నలు పోసి, పైన మట్టి కప్పి మెత్తేవారు. గాలి ఆడని చోట పురుగు బతకదు, కాబట్టి జొన్న ఏళ్ల తరబడి నిలిచేది. దొంగకు, దండుకు ఇది కనపడదు. 1816లో పిండారీ దోపిడీ మూకలు గుంటూరు, కడప వైపు పల్లెల మీద పడినట్టు ఎవరైనా వచ్చి పడినా, నేలపైనున్న గాదెలూ గరిసెలూ పోతాయి గాని నేలకింది పాతర మిగిలే అవకాశం ఉండేది. ఒక హెచ్చరిక మాత్రం ప్రతి రైతుకూ తెలుసు. పాతర తెరిచిన వెంటనే లోపలికి దిగకూడదు, అందులో గాలి చచ్చి ఉంటుంది. అలా దిగి ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లున్నారు.

సరంజామా అన్న మాటకూ దండుతో సంబంధం ఉంది. మరాఠా పాలనలో సైన్యాన్ని పోషించడానికి సర్దారుకు ఇచ్చిన భూమి సరంజాం. ఇప్పుడు పెళ్లికి, పండక్కి సరంజామా సర్దుకుంటున్నాం.

ఆయుధాలు దాచిన నవాబు

1839లో కర్నూలు నవాబు గులాం రసూల్ ఖాన్ ఆయుధాలు కూడబెడుతున్నాడని కంపెనీకి అనుమానం వచ్చింది. సైన్యం వచ్చి సోదా చేస్తే కోటలో, తోటల్లో దాచిన ఫిరంగులు, గుండ్లు, మందు రాసులుగా బయటపడ్డాయి. అక్టోబరు 18న ఊరి చివర జోరాపురం దగ్గర పోరు జరిగింది. నవాబును తిరుచిరాపల్లికి పంపారు, మరుసటి ఏడు అక్కడే హత్యకు గురయ్యాడు. కర్నూలు కంపెనీ పాలనలో కలిసింది.

అంతకు ముందే, 1800లో నిజాం తన చేతిలోని సీమ జిల్లాలను కంపెనీకి అప్పగించాక, కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో 80 మంది పాళెగాళ్లను అణచివేశాడు. పాళెం అంటే దండు విడిది, దానికి పెద్ద పాళెగాడు. వాళ్ల కింద ఇనాం భూములు తింటూ కాపలా కాసే కట్టుబడి బంట్లు ఉండేవారు. ఆ భూములు సర్కారు లాక్కోవడంతో మండిన కట్టుబడులే 1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి వెంట కోయిలకుంట్ల ఖజానా మీదికి నడిచారు. 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలోనే ఆయన్ను ఉరితీశారు.

మాటలు ఎక్కడున్నాయి?

మన్రో పుట్టింది స్కాట్లాండులోని గ్లాస్గోలో. ఆ దేశంవాళ్లు తమ పాత భాషలోని మాటలన్నిటికీ, కోటగోడల పేర్లూ ఆయుధాల పేర్లూ సహా, ఒక నిఘంటువు కట్టుకున్నారు. 1931లో మొదటి భాగం వచ్చింది, 2002లో 12 సంపుటాలుగా పూర్తయింది. ఇంకో స్కాట్లాండువాడు కాలిన్ మెకంజీ కావలి బొర్రయ్య, లక్ష్మయ్యల వంటివాళ్ల సాయంతో ఊరూరా కరణాల కవిలెల నుంచి కైఫియత్తులు, అంటే ఊళ్ల చరిత్రలు, రాయించాడు. కడప జిల్లావి సంపుటాలుగా అచ్చయ్యాయి. ఏ పాళెగాడు ఎక్కడ కోట కట్టించాడో, ఎప్పుడు ఎవరు పడగొట్టారో వాటిలో ఉంది. 1820లో కడపకు వచ్చిన బ్రౌను దొర నిఘంటువు 1852లో వెలువడింది. కొత్తళం, అలంగం, గవని అన్నీ అందులో దొరుకుతాయి. కడపలో ఆయన బంగళా ఉన్న చోటే ఇప్పుడు సి.పి. బ్రౌన్ గ్రంథాలయం ఉంది.

భద్రిరాజు కృష్ణమూర్తి గారి పూనికతో వృత్తి పదకోశాలు వచ్చాయి, వ్యవసాయానికి 1962లో, చేనేతకు 1971లో. కోటకు, దండుకు, మందుకొట్టుకు కూడా అట్లాంటి సంపుటం ఒకటి కావాలని నాకు గట్టిగా ఉంది. పని మొదలుపెట్టేవాళ్లు రాజుల పేర్లతో కాక వడిసెలతో మొదలుపెట్టమంటాను. కోటగోడ మీద నుంచి రాళ్లు విసిరిన ఆ తాడునే జొన్నచేలో మంచె మీద నిలబడి పిట్టల మీదికి తిప్పినవాళ్లు పత్తికొండ, జమ్మలమడుగు వైపు ఇంకా ఉన్నారు. దాని పట్టు, గూడు, తాడు, విసురు ఒక్కోదాన్ని వాళ్లేమంటారో అడిగి రాసుకోవాలి.