రెండు పిలుపులు, ఒక పతకం

1936వ సంవత్సరపు తొలినాళ్ళలో మద్రాసులో ఎం. జె. గోపాలన్ అనే క్రీడాకారుని యెదుట రెండు దారులు నిలిచాయి. ఒకటి బెర్లిన్ ఒలింపిక్ క్రీడలకు హాకీ జట్టును ఏర్చి కూర్చే పరీక్షాపోటీలకు వెళ్ళే దారి. రెండవది ఆ వేసవిలో ఇంగ్లండుకు బయలుదేరే భారత క్రికెట్ జట్టుతో ఓడ యెక్కే దారి. అంతకు ముందటి యేడు, 1935లో, ధ్యాన్‌చంద్ నాయకత్వాన న్యూజీలాండు వెళ్ళి వచ్చిన హాకీ జట్టులో గోపాలన్ ఉన్నారు. ఆ పర్యటనలో మనవారు 48 ఆటలు ఆడి ఒక్కటైనా వదలకుండా గెలిచారు. 584 గోల్సు చేసి, ఎదుటివారికి 40 మాత్రమే ఇచ్చారు. అట్టి జట్టులో మెలగి వచ్చినవానికి బెర్లిన్ ప్రయాణం చేతికందిన పండు వంటిదే. అయినా ఆయన హాకీ పోటీలకు వెళ్ళలేదు. క్రికెట్ జట్టుతో ఇంగ్లండు వెళ్ళారు. అక్కడ మూడు టెస్టు ఆటలు జరిగాయి. ఒక్కదానిలోనూ ఆయనకు చోటు దక్కలేదు. మూడవ టెస్టు లండనులోని ఓవల్ మైదానంలో మొదలైన దినం ఆగస్టు 15. సరిగా ఆ దినముననే బెర్లిన్‌లో హాకీ జట్టు బంగారు పతకం గెలుచుకొన్నది.

మద్రాసువారు ఈ కథను గోపాలన్ దురదృష్టంగా తలచుకుంటారు. మనం దీనిని వేరొక వైపునుండి చూడవలసి ఉన్నది. ఆయన ఎంచుకొన్న జట్టులో తెలుగు పేర్లు నాలుగున్నవి. నాయకుడు విజయనగరం సంస్థానపు రాజకుమారుడు పూసపాటి విజయ ఆనంద గజపతిరాజు. క్రీడాలోకానికి ఆయన ‘విజ్జీ’. జట్టులో అందరికంటె కీర్తి గడించినవారు నాగపూరులో స్థిరపడిన తెలుగు కుటుంబంలో జన్మించిన కొఠారి కనకయ్య నాయుడు. ఆయన తమ్ముడు సుబ్బన్న నాయుడు మూడవవారు. నాలుగవవారు మద్రాసు నాయుళ్ళ యింటి బిడ్డ కోటా రామస్వామి. భారతదేశం తరఫున ఆడే జట్టులో ఇందరు తెలుగువారు ఒక్కసారిగా కూడటం ఎన్నడో గాని జరగదు. జరిగిన ఆ ఒక్క వేసవిని మనం గర్వంగా చెప్పుకొనవలెనా? చెప్పుకొంటే ఎవరిని చూచి చెప్పుకొనవలె?

నాయకుని సంగతే ముందు. విజయానందులు 1905 డిసెంబరు 28న జన్మించారు. విజయనగరం గద్దె అన్నగారిది. తమ్ముడు కాశీలోని ఆస్తులు చూచుకొంటూ ఉత్తరాదిని స్థిరపడ్డారు. క్రికెట్టు మీద ఆయనకున్న మక్కువను శంకించేందుకు వీలులేదు. 1930-31లో ఇంగ్లండు మహామహులైన జాక్ హాబ్స్‌ను, హెర్బర్ట్ సట్‌క్లిఫ్‌ను రప్పించి, తన జట్టులో చేర్చుకొని, మనదేశంలోను సింహళంలోను ఆటలాడించారు. ఆ ఖర్చుకు వెనుదీయని చేయి మరొకటి ఆనాడు లేదు. కాని కవులను పోషించిన రాజులందరూ కవులు కారు గదా! పోషకత్వంతో తృప్తిపడక, తామే గంటం పట్టి కావ్యకర్తలమనిపించుకొన్న ప్రభువులు మన సాహిత్యచరిత్రలో కొందరున్నారు. వారి కావ్యాలను కాలం ఎట్లా తూచిందో తెలుగు చదివినవారికి నేను చెప్పనక్కరలేదు.

1932లో మనదేశం మొట్టమొదటి టెస్టు ఆడినప్పుడు లార్డ్స్ మైదానంలో నాయకత్వం వహించినవారు కనకయ్య నాయుడు. మొదటి ఇన్నింగ్సులో మన జట్టులో అత్యధికంగా 40 పరుగులు చేసినవారూ ఆయనే. 1936 పర్యటనకు తొలుత పటౌడీ నవాబును నాయకునిగా నిర్ణయించారు. ఆయన అనారోగ్యకారణం చెప్పి తప్పుకొన్నారు. తరువాత ఆ పదవి నాయుడుగారికి రాలేదు; బోర్డులోని పలుకుబడితో విజయనగరం వారికి వెళ్ళింది. ఆయన 36 సామానులతో, ఇద్దరు సేవకులతో ఓడ యెక్కారని చెబుతారు. ఆ వేసవిలోనే ఆయనకు ‘సర్’ బిరుదు కూడా లభించింది. మూడు టెస్టులలో ఆరు ఇన్నింగ్సులు ఆడి ఆయన చేసిన మొత్తం పరుగులు 33.

పరుగులు తక్కువైనందుకు ఎవరినీ తప్పుపట్టవలసిన పనిలేదు. దుఃఖించవలసినది వేరొకటి. ఆ పర్యటనలో అందరికంటె బాగా ఆడుతున్న లాలా అమర్‌నాథ్ ఎసెక్సు జట్టుపై రెండు ఇన్నింగ్సులలోను శతకాలు చేశారు. లార్డ్స్‌లో జరిగిన ఒక ఆటలో ఆయనను సన్నద్ధునిగా కూర్చుండబెట్టి, వేరొకరి తరువాత వేరొకరిని పంపుతూ వచ్చారు. ఆయన తిరిగి వచ్చిన తరువాత పంజాబీలో గట్టిగా ఏదో అన్నారు. ఆ అపరాధానికి మొదటి టెస్టు కూడా జరగకముందే ఆయనను ఓడ యెక్కించి ఇంటికి పంపివేశారు. తరువాత బొంబాయి హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి సర్ జాన్ బోమాంట్ అధ్యక్షతన విచారణసంఘం కూర్చున్నది. 1937లో అది ఇచ్చిన నివేదిక అమర్‌నాథ్ పక్షాన నిలిచి, నాయకత్వాన్ని తప్పుపట్టింది. ఇక ఉదయఫలాహారం వేళ నలుగురిలో నాయుడుగారిని అవమానించిన ఒక ఆటగానికి బహుమానంగా టెస్టులో చోటు దొరికిందన్న మాట క్రికెట్ లోకంలో నేటికీ చెప్పుకుంటారు.

విరాటపర్వం పాఠం చెప్పేటప్పుడెల్లా నాకు ఈ పర్యటన గుర్తుకు వస్తుంది. అంతఃపురంలో ఆడవారి నడుమ కౌరవసేనను నోటితో గెలిచిన ఉత్తరుడు, రథం మీద నాయకుడు. పగ్గాలు పట్టిన బృహన్నల, పేరుకు సారథి. యుద్ధం ఎవరు చేసినదీ లోకానికి తెలుసు. నగరంలో విరాటుడు కొడుకును పొగడుతూ ఉంటే, బృహన్నల సారథ్యం చేయగా గెలుపునకేమి లోటని కంకుభట్టు అన్నాడు. ఆ ఒక్క మాటకు రాజు పాచిక విసరి ముఖం మీద కొట్టాడు. నాయుడుగారిని మెచ్చుకొన్నవారి గతి ఆ జట్టులో ఇంచుమించు అదే. కాని ఉత్తరకుమారుని యెడ మనకు ప్రేమ మిగలటానికి ఒక కారణమున్నది. తిరిగి వచ్చి తండ్రి యెదుట నిలిచినప్పుడు, గెలిచినది తాను కానని అతడు చెప్పాడు. (వానలు లేనప్పుడు మన పల్లెలలో విరాటపర్వం చదివిస్తారు. ఇంగ్లండులో ఆ అవసరం రాదు. ఆ పర్వం అక్కడ ఆడి చూపించినా వాన మాత్రం తన వేళకు తాను కురుస్తుంది.)

ఇప్పుడు బెర్లిన్ వైపు చూతము. గోపాలన్ విడిచిన దారిలో వెళ్ళిన జట్టుకు నాయకుడు ధ్యాన్‌చంద్. ఆయనకు సంస్థానం లేదు. సైన్యంలో అప్పటికి ఆఫీసరు హోదా కూడా లేదు. జర్మనీ చేరగానే జూలై 17న జరిగిన అభ్యాసపు ఆటలో మన జట్టు జర్మనుల చేతిలో 4–1 గోల్సతో ఓడిపోయింది. 1928లో ఆమ్‌స్టర్‌డాంలో, 1932లో లాస్ ఏంజెలస్‌లో తిరుగులేదనిపించుకొన్నవారికి అది పెద్ద దెబ్బ. నాయకుడు ఆ రాత్రి ఎవరి మీదా నింద వేయలేదు. తన వరుసలో లోటు ఎక్కడున్నదో చూచుకొని, స్వదేశంలో మిగిలిపోయిన దారా అనే ఆటగానిని పంపమని కబురుచేయించారు. దారా విమానంలో వచ్చి ఫ్రాన్సుతో జరిగిన సెమీ ఫైనలు వేళకు జట్టులో కలిశారు. అంతలో హంగరీని 4–0, అమెరికాను 7–0, జపానును 9–0 గోల్సతో గెలిచి ఉన్నారు. ఫ్రాన్సును 10–0తో గెలిచారు.

ఫైనలు ఆగస్టు 14న జరగవలసినది, వాన వలన 15కు మారింది. ఎదుట మళ్ళీ జర్మనులే. ఆటకు ముందు జట్టు పెద్దలలో ఒకరైన పంకజ్ గుప్త దుస్తులు మార్చుకొనే గదిలో కాంగ్రెసు త్రివర్ణపతాకను బయటకు తీశారు. బయట మైదానంలో వారి పేర ఎగురుతున్నది బ్రిటిషు ఇండియా పతాకం. లోపల నాలుగు గోడల మధ్య వారు వందనం చేసినది ఈ పతాకానికి. మొదటి సగంలో ఒక్క గోలు మాత్రమే వచ్చింది. తడిసిన నేల మీద ధ్యాన్‌చంద్ మేకుల బూట్లు విడిచివేసి ఆడారు. ముగిసేసరికి 8–1. ఆ ఒలింపిక్సులో మన జట్టు ఇచ్చిన గోలు ఆ ఒక్కటే. సరిగా పదకొండేళ్ళకు ఆగస్టు 15 మనకేమయినదో అందరికీ తెలుసు. ఆనాడు ఆ గదిలో ఉన్నవారికి తెలియదు.

నాయకత్వమనగానే అదే యేడు జరిగిన మరొక హాకీని గూర్చి చెప్పక తీరదు. అది మంచు మీద ఆడేది. మా తణుకువైపు ఐసు అంటే సోడాకొట్టులోను, చేపల బుట్టలలోను రంపపుపొట్టు కప్పి దాచిన గడ్డ. చలిదేశాలలో మైదానమంతా ఆ గడ్డే. ఉక్కు అంచులు బిగించిన జోళ్ళు తొడిగి జారుతూ, వంపుకర్రలతో గుండ్రని రబ్బరు బిళ్ళను కొడతారు, బంతి ఉండదు. జట్టుకు ఒకేసారి ఆరుగురే. గడ్డి మీద మన దేశమెట్లో మంచు మీద కెనడా అట్టిది. 1920 నుండి 1932 వరకు నాలుగు ఒలింపిక్సులలోను ఆ పతకం వారిదే. 1936 ఫిబ్రవరిలో జర్మనీ కొండలలోని గార్మిష్‌లో జరిగిన పోటీ ఒకేసారి ఒలింపిక్ పోటీ, ప్రపంచ పోటీ, ఐరోపా పోటీ కూడాను. పదిహేను దేశాలు ఆడాయి. జపాను గోలుకావలివాడు టెయిజీ హొన్మా ముఖానికి తొడుగు పెట్టుకొని నిలిచాడు. అది ఆనాడు వింత.

అక్కడ కెనడాను 2–1తో ఓడించి చివరకు విజేతగా నిలిచినది బ్రిటన్. జట్టులో అధికులు బ్రిటన్‌లో పుట్టి, పసితనాన కెనడా చేరి, అక్కడే ఆట నేర్చి, తిరిగి వచ్చినవారు. అందులో ఫాస్టర్, ఆర్చర్ అనే ఇద్దరు అనుమతి లేకుండా వెళ్ళారని కెనడా మొదట అభ్యంతరం చెప్పింది. తరువాత ఆ పోటీ వరకు విరమించుకొన్నది. పుట్టిన గడ్డవాడా, పెరిగిన గడ్డవాడా అన్న తగవు అది. నాగపూరు నాయుడుగారిని మనవాడంటున్న మనకు ఆ తగవులో తీర్పు చెప్పే ధైర్యం ఉండకూడదు. నేను చెప్పదలచినది ఆ జట్టు నాయకుని గూర్చి. కార్ల్ ఎర్‌హార్ట్‌కు పోటీలు జరుగుతుండగానే 39 ఏళ్ళు నిండాయి. అంత వయసులో ఆయన రక్షకుని స్థానంలో నిలిచి, కుర్రవారితో సమంగా దెబ్బలు తిన్నాడు. నాయకుడన్న పేరుతో ఒక స్థలం వ్యర్థం కాలేదు.

మన క్రికెట్ జట్టులో అంతకంటె ఒక యేడు పెద్దవాడున్నాడు. అతడు నాయకుడు కాడు. కోటా రామస్వామి 1896 జూన్ 16న మద్రాసులో జన్మించారు. తండ్రి మోతవరపు వెంకట మహీపతి నాయుడు. బుచ్చిబాబు అంటేనే లోకానికి తెలుస్తుంది. దుబాసీలుగా ధనం గడించిన వంశం. చేపాకు మైదానంలో ఆనాడు మనవారికి పెవిలియన్ ప్రవేశం లేదు. చెట్ల నీడన అన్నం తిని ఆడవలసివచ్చేది. అది సహించక బుచ్చిబాబు మద్రాసు యునైటెడ్ క్లబ్బు నెలకొల్పి, తన డబ్బుతో కుర్రవారికి ఆట నేర్పించారు. 1908లో ఆయన పోయారు. ఆ కొడుకులలో ఒకరు మాతామహుని యింటికి దత్తుపోయి కోటావారయ్యారు.

రామస్వామి కేంబ్రిడ్జిలో చదువుతూ 1922లో డేవిస్ కప్పు టెన్నిసులో మనదేశం తరఫున ఆడారు. రుమేనియాను గెలిచి స్పెయిన్ చేతిలో ఓడిన జట్టు అది. తరువాత మద్రాసు ప్రభుత్వపు వ్యవసాయశాఖలో ఉద్యోగం. నలభైయేళ్ళు నిండిన తరువాత, 1936 జూలై 25న మాంచెస్టరులో మొదటి టెస్టు ఆడే యోగం పట్టింది. ఆ ఆట అనగానే అందరూ మర్చెంటు, ముష్తాక్ అలీ కలిసి తొలి వికెట్టుకు చేసిన 203 పరుగులు చెబుతారు; చెప్పదగినవే. కాని ఆ ఎడమచేతివాటపు పెద్దమనిషి మొదటిసారి 40, రెండవసారి 60 చేశారు. ఓవల్‌లో 29, అవుటు కాకుండా 41. ఆయన ఆడిన టెస్టులు ఆ రెండే, సగటు 56.66. రెండు వేర్వేరు ఆటలలో దేశానికి ప్రాతినిధ్యం వహించిన ఈయన పేరు మన పాఠ్యపుస్తకాలలో నాకు కనబడలేదు. 1985 అక్టోబరులో ఇల్లు వెడలి వెళ్ళిన ఆయన మళ్ళీ తిరిగి రాలేదు. రికార్డు పుస్తకాలలో ఆయన జన్మతిథి ఉన్నది. మరణతిథి నిశ్చయంగా ఎవరికీ తెలియదు.

మూడవ టెస్టులో మనం తొమ్మిది వికెట్లతో ఓడాము. మొదటిదీ అంతే; మాంచెస్టరు ఒక్కటి డ్రా. ఆ ఓవల్ ఆటలోనే, ఓటమి ఖాయమైన రెండవ ఇన్నింగ్సులో, కనకయ్య నాయుడు 81 పరుగులు చేశారు. ఇంగ్లండు నాయకుడు ఆలెన్ విసిరిన బంతి కడుపులో గట్టిగా తగిలింది. ఆయన ఆట విడువలేదు. అప్పటికి నాయుడుగారికి నలభై నిండి పది నెలలు కావస్తున్నది. అదే ఆయన చివరి టెస్టు.

పెవిలియన్‌లో కూర్చుండి గోపాలన్ అది చూచారు. ఆయన ఆడిన ఏకైక టెస్టు 1934లో కలకత్తాలో ముగిసిపోయింది. బంగారు పతకం బెర్లిన్‌లో ఇతరుల మెడలో పడింది. తరువాత మద్రాసుకు, సింహళానికి మధ్య ఏటేటా జరిగిన పోటీకి ఆయన పేరు పెట్టారు. దీర్ఘాయుష్మంతుడై 2003లో కన్నుమూశారు.

విజయనగరం వారు 1937 తరువాత చాలాకాలం వెనుక నిలిచి, మళ్ళీ వచ్చి బోర్డు అధ్యక్షులయ్యారు. ఉత్తరప్రదేశంలో క్రికెట్టును పెంచే బాధ్యత నెత్తికెత్తుకొన్నారు. అక్కడి జట్టుకు 1956-57లో ఒక నాయకుడు కావలసివచ్చినప్పుడు, 61 ఏళ్ళ వృద్ధుడొకరికి ఆయన కబురు పంపారు. కనకయ్య నాయుడుగారు వెళ్ళి, ఆ జట్టుకు నాయకులై, రంజీ పోటీలలో బాట్ పట్టారు.