ఇంటిపాటలకు గంప్యూటరు

మన యిండ్లలో మంగళహారతులును, లాలిపాటలును, నలుగుపాటలును బెద్దవారి నోటనే నిలిచి వచ్చుచున్నవి. వానిలో గొన్నిటి మాటలు పుస్తకముల కెక్కినవి గాని, బాణీ పుస్తకమున కెక్కునది కాదు. పాడువారు పోయిననాడు బాణీయు వారితోనే పోవును. కావున నీ పాటలను ఇంటనే రికార్డు చేసి యుంచుకొనవలెనని తలచు సోదరీమణు లనేకులు కలరు. అట్టివారు డెస్కుటాపు కంప్యూటరు నొకదానిని గొనదలచినపుడు "ఏది కొనవలెను?" అని యడుగుట సహజము. ఈ విషయమున మేము నేర్చుకొన్నంతవఱకు నిచట వ్రాయుచున్నాము.

మేము నేర్చుకొన్నది నష్టపడి నేర్చుకొన్నదే. కొన్ని సంవత్సరముల క్రిందట మా మేనత్తగారిచేత నలుగుపాటలు పాడించితిమి. అందులకై యంగడిలో నన్నిటికంటె వేగముగలదని చెప్పిన పెద్ద యంత్రమును గొని, మైకును దాని ప్రక్కనే బల్లపై నుంచితిమి. ఆమె రెండు గంటలసేపు పాడిరి. మఱునాడు వినగా, ఆమె గొంతు వెనుక యంత్రములోని పంకాల హోరు మొదటినుండి తుదివఱకు వినబడుచుండెను. హోరును దగ్గించు ప్రోగ్రాములను వాడి చూచితిమి. హోరుతోపాటు గొంతులోని మెత్తదనము గూడ గొంత పోయెను. మరల పాడింత మనుకొనుచుండగనే యామె కాలము చేసిరి. నాటినుండి మమ్మడిగినవారి కెల్ల మేము చెప్పు మొదటిమాట యొక్కటే: వేగముకంటె ముందు నిశ్శబ్దమును జూడుడు.

ఏల యనగా పాటను రికార్డు చేయుట కంప్యూటరునకు బెద్దపని కాదు. అది ధ్వనిని సెకనునకు వేలమారులు కొలిచి, ఆ కొలతలను సంఖ్యలుగా దాచుకొనును. 1982లో వెలువడిన కాంపాక్టు డిస్కులో నీ కొలత సెకనునకు 44,100 మారులు. మనుష్యుని చెవి సెకనునకు సుమారు 20,000 కంపనముల వఱకే వినగలదు. దానికి రెట్టింపు మించి కొలిచినచో జాలును. నేడు 48,000 మారులు, 24 బిట్ల చొప్పున గొలుచుట వాడుక. ఈ లెక్కను ఒక మైకుతో బాడిన గంటసేపటి పాటకు సుమారు 520 మెగాబైట్ల చోటు పట్టును. నూఱు గంటల పాట యైనను 52 గిగాబైట్లే. ఇందుకు మిక్కిలి వెలగల యంత్ర మక్కఱలేదు. ఇక భాగములను వరుసగా జూతము.

ప్రాసెసరు:— ఇటీవలి యింటెల్ కోర్ ఐ5 గాని, ఏ.ఎమ్.డి. రైజెన్ 5 గాని చాలును. దీనికంటె బలమైనది వేడియెక్కిన కొలది పంకాలు వడిగా దిరుగును.

ర్యామ్:— 16 గిగాబైట్లుండుట మేలు. ఒక్క గొంతు మాత్రమే రికార్డు చేయువారికి 8 గిగాబైట్లతోను బని జరుగును.

డిస్కు:— పాతతరహా హార్డుడిస్కు తిరుగుచు సద్దుచేయును. ఎస్.ఎస్.డి.లో దిరుగు భాగమే లేదు గాన సద్దుండదు. 512 గిగాబైట్లది కొనుడు.

గ్రాఫిక్సు కార్డు:— ఇది వీడియో ఆటలకు గావలసినది. దానికి వేఱుగా పంకాలుండును. పాటకు దీనితో బనిలేదు. అంగడివా డెంత చెప్పినను వలదనుడు.

పంకా:— 120 మిల్లీమీటర్ల వెడల్పుగల పంకా చిన్నపంకాకంటె మెల్లగా దిరిగియు నంతే గాలిని దోలగలదు. మెల్లగా దిరుగుటచే హోరు తగ్గును.

2024లో వెలువడిన మ్యాక్ మినీ చేతిలో నిముడునంత చిన్నది. దానిలో 16 గిగాబైట్ల ర్యామ్ కలదు. ఇట్టి పనికి దాని పంకా వినబడుట యరుదు. గ్యారేజిబ్యాండ్ అను రికార్డింగు ప్రోగ్రాము వెల లేకయే లభించును. కాని తరువాత ర్యామ్ పెంచుటకు వీలులేదు. విండోసు యంత్రమైనచో భాగములను మార్చుకొనవచ్చును. దానికి ఆడాసిటీ యను ప్రోగ్రాము నుచితముగా దెచ్చుకొనవచ్చును. వాడిన యంత్రమును గొనువారు విండోసు 11 దానిపై నడచునో లేదో యడిగి తెలిసికొనవలెను. విండోసు 10కి సామాన్యముగా నిచ్చుచుండిన రక్షణ 2025 అక్టోబరు 14తో ముగిసినది.

సొమ్ము మిగిలినచో మైకునకును, ఆడియో ఇంటర్‌ఫేసునకును వెచ్చింపుడు. ఇంటర్‌ఫేసనగా మైకును గంప్యూటరుతో గలుపు చిన్నపెట్టె. చెవిలో శ్రుతి వినుచు బాడువారికి దీని యవసరము తెలియును. కంప్యూటరు కొలతలను గుంపులుగా జేర్చుకొని పనిచేయును. గుంపునకు 128 చొప్పున నైనచో 3 మిల్లీసెకండ్లలోపు ఆలస్యమగును. 1,024 చొప్పున నైనచో 21 మిల్లీసెకండ్లు దాటును. అది సుమారు ఇరువదినాలు గడుగుల దూరమునుండి విన్నట్లుండును, రాకపోకలకు రెండింతలగును. అప్పుడు తాళము తప్పక మానదు. గొంతును గంప్యూటరు చుట్టు త్రిప్పక నేరుగా చెవికి వినిపించు వసతి గల యింటర్‌ఫేసును గొన్నచో నీ బాధ యుండదు. పాడునపుడు శ్రుతిని హెడ్‌ఫోనులోనే వినవలెను. లేనిచో నదియు మైకులో బడును.

గదిని సిద్ధపఱచుట కంగడికి బోనక్కఱలేదు. పైపంకాను, వీలైనచో ఫ్రిజ్జును ఆ కాసేపు ఆపుడు. ఉత్తగోడల గదిలో ధ్వని మాఱుమ్రోగును. పాడువారి వెనుక బొంతలు వ్రేలాడదీయుడు. కంప్యూటరును బల్లక్రింద దూరముగా నుంచి, మైకు వీపు దానివైపునకు ద్రిప్పుడు. గాయకులు వాడు మైకులలో బెక్కు ముందువైపు ధ్వనినే యెక్కువగా గ్రహించును. మూడుపుల్లల ప్లగ్గును ఎర్తు సరిగా నున్న సాకెట్టులోనే పెట్టవలెను. ఎర్తు లోపించినచో సన్నని గుంయి మను నాదము పాటలో జేరవచ్చును. కరెంటు పోయినను పాట చెడకుండ యు.పి.ఎస్. నొకదానిని జేర్చుట మంచిది.

అంగడి సందడిలో యంత్రపు హోరు తెలియదు. కావున దిరిగి యిచ్చుటకు వీలుండునట్లు మాట్లాడుకొని కొనుడు. ఇంటికి దెచ్చిన రాత్రి, అందఱు నిదురించిన పిదప, ఎవ్వరును బాడకుండ నొక్క నిమిషము రికార్డు చేసి హెడ్‌ఫోనులో వినుడు. ఆ నిమిషములో మీకేమి వినబడునో యదియే ప్రతిపాట వెనుకను వినబడును. ఈ పరీక్షను మేమానాడు చేసియుండినచో నేటికి మా మేనత్తగారి గొంతు శుభ్రముగా దక్కియుండెడిది.

రికార్డు చేసిన ప్రతిపాటకు మూడు ప్రతులుంచుడు: ఒకటి కంప్యూటరులో, ఒకటి విడిడిస్కులో, మూడవది వేఱొక యింట నున్న బంధువుల యొద్ద. పాడినవారి పేరును, ఊరును, తేదీని, పాట నెవరియొద్ద నేర్చిరో యా వివరమును బాటతోపాటు వ్రాసియుంచుడు.

కడపట నొకమాట. యంత్రము కొనుట కాలస్యమగునెడల పాటను మాత్ర మాపకుడు. నిశ్శబ్దమైన గదిలో సెల్‌ఫోనుతోనైనను నేడే రికార్డు చేయుడు. మంచి యంత్రము వచ్చిన పిదప మరల పాడించుకొనవచ్చును. మా మేనత్తగారి పాట హోరుతో గూడినదే యైనను, మా పిల్లలు దానిని వినియే నలుగుపాటల నేర్చుకొనుచున్నారు.