పెట్రోలు కారును ఇథనాలుకు మార్చుట

పెట్రోలుతో నడుచు కారులో తగిన మార్పులు చేసి, దానిని ఇథనాలు (ఇథైల్ ఆల్కహాలు) తోను, లేక ఇథనాలు ఎక్కువగా గల మిశ్రమముతోను నడిపించుటను '''ఇథనాలు మార్పిడి''' అంటారు. మిశ్రమమును అందులోని ఇథనాలు శాతముతో సూచిస్తారు. ఇ-20 అనగా 20 శాతము, ఇ-85 అనగా 85 శాతము ఇథనాలు గల ఇంధనము.

== మార్పు ఎందుకు అవసరము ==

ఇథనాలు అణువులో బరువు ప్రకారము సుమారు 35 శాతము ఆక్సిజన్ ఉన్నది. అందువలన అది మండుటకు తక్కువ గాలి చాలును. ఒక కిలో పెట్రోలు పూర్తిగా మండుటకు సుమారు 14.7 కిలోల గాలి కావలెను. ఇథనాలుకు 9 కిలోలు సరిపోవును. కనుక ఇంజను పీల్చుకొను గాలి అంతే ఉన్నప్పుడు, ఇంధనమును ఘనపరిమాణములో సుమారు ఒకటిన్నర రెట్లు అందించవలెను. అలా అందించనిచో ఇంజను శక్తి తగ్గును, మంట తప్పిపోవును, కవాటములు అతిగా వేడెక్కును.

లీటరు ఇథనాలులోని శక్తి, లీటరు పెట్రోలులోని శక్తిలో సుమారు మూడింట రెండు వంతులు మాత్రమే. అందుచేత మైలేజీ తగ్గును. అయితే ఇథనాలు ఆక్టేన్ సంఖ్య 100 కంటె ఎక్కువ కాబట్టి, సంపీడన నిష్పత్తి పెంచిన ఇంజనులో ఈ నష్టము కొంత పూడును.

== చేయవలసిన మార్పులు ==

* '''ఇంధన సరఫరా:''' కార్బురేటరు గల పాత కార్లలో జెట్ రంధ్రమును పెద్దది చేయవలెను. ఇంజెక్షన్ కార్లలో ఇంజెక్టరు ఎక్కువసేపు తెరచి ఉండునట్లు కంప్యూటరును సరిచేయవలెను, లేదా పెద్ద ఇంజెక్టర్లు అమర్చవలెను.
* '''భాగములు:''' ఇథనాలు కొన్ని రకముల రబ్బరును, ప్లాస్టిక్కును ఉబ్బజేయును. అల్యూమినియము, జింకు వంటి లోహములను తినివేయును. గొట్టములు, సీళ్ళు, పంపు తగినవి వేయవలెను.
* '''ట్యాంకు, ఫిల్టరు:''' ఇథనాలు పాత మడ్డిని కరిగించి ఫిల్టరుకు పట్టించును. నీటిని కూడా పీల్చుకొనును; నీరు ఎక్కువైనచో మిశ్రమము విడిపోయి, నీరు, ఇథనాలు అడుగుకు చేరును.
* '''చలిలో స్టార్టు చేయుట:''' సుమారు 13 డిగ్రీల సెల్సియస్ కంటె చల్లగా ఉన్నప్పుడు శుద్ధ ఇథనాలు ఆవిరి సులభముగా అంటుకొనదు. బ్రెజిల్ కార్లలో ఇందుకై చిన్న పెట్రోలు ట్యాంకు పెట్టెడివారు. ప్రకాశము వంటి వేడి ప్రాంతములలో ఈ ఇబ్బంది అరుదు.

మన దేశములో వాహనము ఇంధన రకము రిజిస్ట్రేషను పత్రములో నమోదై ఉండును. మోటారు వాహనముల చట్టము ప్రకారము అనుమతి లేకుండా ఇటువంటి మార్పు చేయరాదు.

== తెలుగునాట, దేశములో ==

నిజాం కాలమున 1937లో నెలకొల్పిన చక్కెర కర్మాగారము గల బోధన్‌లో పవర్ ఆల్కహాలు కర్మాగారము కూడా ఉండెడిది. బ్రెజిల్‌లో 1975లో జాతీయ ఆల్కహాలు పథకము ఆరంభమైనది. 1979లో ఫియట్ 147 కారు శుద్ధ ఇథనాలుతో నడుచునట్లు అమ్మకమునకు వచ్చినది.

మన దేశములో 2003 జనవరిలో ఆంధ్రప్రదేశ్‌తో కలిపి 9 రాష్ట్రములలో 5 శాతము మిశ్రమము ప్రవేశపెట్టబడినది. 2022లో 10 శాతము, 2025లో 20 శాతము లక్ష్యములు చేరినవి. ఇ-20ను తట్టుకొను భాగములతో కొత్త వాహనములు తయారగుట 2023 ఏప్రిల్ నుండి మొదలైనది. అంతకు ముందరి వాహనముల యజమానులు గొట్టములు, సీళ్ళు తరచుగా పరీక్షించుకొనుట మంచిది.

== నీటి సమస్య ==

ఇథనాలును చెరకు, మొలాసిస్, మొక్కజొన్న, నూకల నుండి తయారు చేస్తారు. చెరకు ద్వారా లీటరు ఇథనాలుకు సుమారు 2,860 లీటర్ల నీరు ఖర్చగునని 2021 నాటి నీతి ఆయోగ్ నివేదిక లెక్కగట్టినది. హనుమంతునిపాడు, కనిగిరి, మార్కాపురము వంటి మెట్ట ప్రాంతములలో వానలు తక్కువ. కనిగిరి ప్రాంతపు భూగర్భజలములలో ఫ్లోరైడు సమస్య కూడా కలదు. ఇచ్చట ఇంధనము కొరకు చెరకు పండించుట అనగా త్రాగునీటితో పోటీ పడుటయే.

ఈ ప్రాంతమునకు వచ్చిన జీవ ఇంధన పరిశ్రమ వేరొక రకమునకు చెందినది. 2025 ఏప్రిల్‌లో పి.సి.పల్లి మండలము దివాకరపల్లిలో రిలయన్స్ సంస్థ బయోగ్యాస్ కర్మాగారమునకు శంకుస్థాపన జరిగినది. దానికి ముడిసరుకు బీడు భూములలో పెంచు నేపియర్ గడ్డి. కావున కారును ఇథనాలుకు మార్చుట సాంకేతికముగా సాధ్యమే అయినను, ఆ ఇంధనము ఏ పంట నుండి, ఎవరి నీటితో వచ్చుచున్నదనునది కూడా లెక్కించవలసిన విషయము.

== ఇవి కూడా చూడండి ==

* బయోడీజిల్
* బయోగ్యాస్
* బోధన్