ఆ ఆదివారము అతడెక్కడ ఉన్నాడు?

2011 నవంబరు మొదటి వారములో మా సంఘపు తల్లి ఒకామె నల్లని టీ షర్టు చేతబట్టుకొని మా ఇంటికి వచ్చింది. దాని మీద పుర్రె బొమ్మ ఉన్నది. "అయ్యగారూ, నా కొడుకు ఆదివారం ఆరాధన మానుకొని సైతాను పాటలకు పోయినాడు" అని భోరున ఏడ్చింది.

ఆ కుర్రవాడు మార్కాపురంలో పలకల గని కార్మికుని కొడుకు. సండే స్కూలులో కంఠతా వాక్యములకు బహుమతులు పొందినవాడు. బెంగళూరులో కంప్యూటరు ఉద్యోగము చేయుచు, సెలవు మీద ఇంటికి వచ్చియున్నాడు.

మేము చేసినదేమిటో దాచక చెప్పెదము. అప్పటికి మాకు ముప్పై యేండ్లు. వేదాంత డిప్లొమా చేతికొచ్చిన కొత్త, ఉత్సాహము ఎక్కువ. మరుసటి ఆదివారము లోక సంగీతము గూర్చి గంటసేపు ప్రసంగించాము. పేరు చెప్పలేదు గాని పుర్రె బొమ్మ సంగతి చెప్పాము. చిన్న ఊరి సంఘములో అది చాలదా? అందరూ వెనుక బెంచీ వైపు తిరిగి చూశారు. అతడు లేచి చెప్పులు వేసుకొని వెళ్లిపోయాడు. ఏడాదిన్నర మందిరపు గడప తొక్కలేదు.

2013 వేసవిలో ఒక రాత్రి మార్కాపురం రోడ్ స్టేషనులో అతడు కనబడ్డాడు. బెంగళూరు రైలు మూడు గంటలు ఆలస్యమన్నారు. తప్పించుకొనే దారి అతనికీ లేదు, మాకూ లేదు. టీ తెప్పించి, "బాబూ, ఆ రోజు అక్కడ ఏమి చూశావో చెప్పు, మేము మధ్యలో మాట్లాడము" అన్నాము.

అది 2011 అక్టోబరు 30, ఆదివారము. బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో అమెరికా బృందము మెటాలికా కచేరీ. హెవీ మెటల్ అను ఆ సంగీతములో పేరు మోసిన ఐరన్ మెయిడెన్ అను ఇంగ్లాండు బృందము అదే మైదానములో 2007 మార్చి 17న పాడియున్నది. మెటాలికా ఢిల్లీ ప్రక్కన గుర్‌గావ్‌లో అక్టోబరు 28న పాడవలసింది, అది ఆగిపోగా జనము కోపముతో వేదిక మీద పడ్డారు. కాబట్టి బెంగళూరులో ఏమవుతుందోనని భయపడుతూనే వెళ్లానన్నాడు.

"చీలమండల దాకా బురద అయ్యగారూ. మధ్యాహ్నం నుంచి నిలబడే ఉన్నాం. చీకటి పడినాక లైట్లన్నీ ఆర్పేశారు. పాత కౌబాయ్ సినిమా సంగీతం వేశారు, వాళ్లు ఎప్పుడూ దానితోనే వేదిక మీదికి వస్తారు. తరువాత డ్రమ్ము మోగితే అది చెవికి కాదు, రొమ్ముకు తగిలింది. వేలమంది ఒక్కసారే ఎగిరారు. నా ప్రక్కనున్నవాడు జారి బురదలో పడ్డాడు. తొక్కేస్తారనుకున్నా. చుట్టూ ఉన్నవాళ్లు చేతులు చాపి చోటు చేసి లేవనెత్తారు. ఎవరికెవరూ తెలియదు. రెండు రోజులు చెవులు హోరుమన్నాయి."

ఒక పాట గూర్చి చెప్పినప్పుడు మేము నిటారుగా కూర్చున్నాము. 1984లో వచ్చిన 'క్రీపింగ్ డెత్' అను పాట. అది నిర్గమకాండము పండ్రెండవ అధ్యాయమే! ఐగుప్తులో జ్యేష్ఠుల సంహారమును సంహారకుని నోట పలికించినది. 'టెన్ కమాండ్‌మెంట్స్' సినిమా చూచి కట్టుకొన్నారట. మధ్యలో జనమంతా చావు, చావు అని కేకలు వేస్తారు. "అందరూ అరుస్తుంటే నాకు మన సండే స్కూలు పటంలో గుమ్మానికి రక్తం పూసే బొమ్మ గుర్తొచ్చింది. మా గుమ్మానికి ఎందుకు పూయలేదా అనిపించింది" అన్నాడు.

అప్పుడు తండ్రి సంగతి వచ్చింది. రాతి ధూళి మింగి మింగి ఆయనకు ఊపిరితిత్తులు చెడి, క్షయ పట్టింది. ఆరు నెలలు వాడవలసిన మందులను రెండవ నెలలో ఆపివేశారు. ఇంటిలో జరిగిన ఉపవాస కూడికలో ఎవరో, మందు మింగుట అవిశ్వాసమని చెప్పారట. మేము ఆ సంఘమునకు రాకమునుపు మాట ఇది. కొడుకు ఇంటరు చదువుచుండగా ఆయన పోయాడు.

ఆ బృందపు గాయకుడు జేమ్స్ హెట్‌ఫీల్డ్ తల్లిదండ్రులు కూడా వైద్యము కూడదను మతశాఖవారే. అతని పదహారవ యేట తల్లి క్యాన్సరుతో మరణించింది. 1991లో దాని మీదనే ఒక కోపపు పాట వ్రాశాడు. "నా కోపానికి మాటలు అతని దగ్గర దొరికాయి అయ్యగారూ. మందిరంలో దొరకలేదు" అని మా అబ్బాయి నేలచూపు చూశాడు.

ఆ పాటలు విశ్వాసుల ఇంట వినదగినవని మేము ఇప్పటికీ అనము. పుర్రె బొమ్మ తొడుగుకొని తల్లి యెదుట తిరుగుట తప్పే. ఆరాధన దినమున కచేరీకి పోవుటయు తప్పే. ఇవన్నీ ఆనాడు గంటసేపు చెప్పాము గదా. అతని తండ్రి ఎట్లు పోయాడని అడుగుటకు అర నిమిషము పట్టేది, అది అడుగలేదు.

మోత విషయమంటారా, ఒంగోలు మిషను తొలి దినములలో ఎర్రగుంట్ల పేరయ్యగారి వెంట ప్రభువును నమ్మిన మన పెద్దలు, గ్రామదేవత జాతరలకు డప్పు కొట్టమని నిరాకరించి దెబ్బలు తిన్నారు. నేడు మన మందిరములలో కీబోర్డు, ప్యాడ్లు గోడలు అదరగొడుచున్నవి. వాద్యమును తప్పుపట్టుట తేలిక. నూట యేబదియవ కీర్తనలో మ్రోగు తాళములు లేవా?

తెల్లవారుజామున రైలు కూత వినబడింది. సంచి భుజాన వేసుకొని, "నాన్న మందులు ఆపిననాడు మీరుంటే ఏమనేవారు?" అని అడిగాడు.

"వేసుకోమనేవాళ్లము. హిజ్కియాకు యెషయా ప్రార్థన చాలునని ఊరుకొనలేదు, అంజూరపు ముద్ద కట్టించాడు" అన్నాము. ఆనాటి ప్రసంగము కొరకు క్షమించమని కూడ అడిగాము. అతడు ఏమీ అనలేదు. పెట్టె ఎక్కి, కిటికీలోనుండి చేయి ఊపాడు.

ఆ క్రిస్మసుకు తల్లితోపాటు మందిరమునకు వచ్చి, అదే వెనుక బెంచీ మీద కూర్చున్నాడు. టీ షర్టు సంగతి మేము అడుగలేదు. రోగుల ఇండ్లలో కూడిక పెట్టినప్పుడు మాత్రము, నాటినుండి ముందుగా మందుల సంచి తెచ్చి చూపమని అడుగుచున్నాము. పూట మందు వేసుకొన్న తరువాతనే మోకాళ్లూనుచున్నాము.