పాటా, ప్రాణమూ: హోసే కారేరాస్ కథ



మంచి గొంతు వినపడగానే మనవాళ్ళు "అది దేవుడిచ్చిన వరమమ్మా" అని ఒక్కమాటలో తేల్చేస్తారు. వరమే, కాదనను. కాని ఆ వరం ఉండేది ఒంట్లోనే కదా! వీణ పగిలితే ఇంకో వీణ కొనుక్కోవచ్చు. గొంతుకి ఆ వీలు లేదు. అలాంటి గొంతునే నమ్ముకుని దేశదేశాలూ తిరిగి, ఒకనాడు ప్రాణమే దక్కుతుందో లేదో అన్న స్థితికి వచ్చిన ఒక గాయకుడి గురించి ఇవాళ చెప్పుకుందాం. ఆయన పేరు హోసే కారేరాస్. ఊరు స్పెయిన్ దేశంలోని బార్సిలోనా.

ముందు ఆయన పాడేదేమిటో తెలియాలి. ఆపెరా అంటే పాటతో నడిచే నాటకం. మన పద్యనాటకంలో పాత్రలు మాట్లాడుతూ మాట్లాడుతూ పద్యం ఎత్తుకుంటాయి. చాలా ఆపెరాల్లో అయితే కోపమొచ్చినా, ఏడుపొచ్చినా, చివరికి ఉత్తరం చదివినా పాటే. మగ గొంతుల్లో అడుగున పలికేది బాస్, మధ్యస్థంగా పలికేది బారిటోన్, పైస్థాయిలో పలికేది టెనార్. కథానాయకుడి వేషం ఎక్కువగా టెనార్‌కే దక్కుతుంది. కారేరాస్ టెనార్.

ఆపెరా గాయకుడికి మామూలుగా మైకు ఉండదు. రంగస్థలం ముందు పెద్ద వాద్యబృందం వాయిస్తూంటే, దాన్ని దాటుకుని గొంతు ఆఖరి వరుస దాకా వెళ్ళాలి. అరిస్తే పని జరగదు. పైగా గొంతు చెడుతుంది. ఉదర వితానాన్నీ పక్కటెముకలనీ అదుపులో పెట్టుకుని ఊపిరిని పొదుపుగా వదలాలి. కంఠం, నోరు తెరిచే తీరు సాధనతో దిద్దుకుంటే సెకనుకు సుమారు 3,000 కంపనాల దగ్గర నాదానికి బలం చేకూరుతుంది. సరిగ్గా అక్కడే వాద్యబృందం బలం తక్కువ. బజారు రొదలో కూడా సన్నని గజ్జెల చప్పుడు విడిగా వినపడదూ, అలాగన్నమాట. ఇది చేతికి రావాలంటే ఏళ్ళు పడుతుంది.

ఇక కథలోకి వద్దాం. కారేరాస్ 1946 డిసెంబరు 5న పుట్టారు. ముగ్గురు పిల్లల్లో ఆఖరివాడు. తండ్రి ఫ్రెంచి భాష చెప్పే ఉపాధ్యాయుడు. స్పెయిన్ అంతర్యుద్ధంలో ఓడిన రిపబ్లికన్ల పక్షాన ఉన్నందుకు, ఫ్రాంకో పాలనలో ఆయనకి బడి ఉద్యోగం పోయింది. చివరికి ట్రాఫిక్ పోలీసుగా పనిచేసి సంసారం ఈదారు. తల్లి ఆడవాళ్ళకి జుట్టు కత్తిరించి ముస్తాబు చేసే చిన్న దుకాణం నడిపేది. బతుకుతెరువు కోసం 1951లో అర్జెంటీనా వెళ్ళారు గాని, అక్కడా కలిసిరాక ఏడాది తిరక్కుండానే వెనక్కి వచ్చేశారు.

ఆరేళ్ళప్పుడు ఈ పిల్లవాడు 'ద గ్రేట్ కరూసో' అనే సినిమా చూశాడు. ఇటలీ గాయకుడు కరూసో వేషం మారియో లాంజా వేశాడు. ఇంకేం, ఇంటికొచ్చి అవే పాటలు! ఇంట్లోవాళ్ళు విసుక్కుంటే స్నానాలగదిలోకి వెళ్ళి తలుపేసుకుని పాడేవాడట. అమ్మ దుకాణానికి వచ్చేవాళ్ళకీ కచేరీయే. ఇలాంటప్పుడు "నోరు మూసుకుని చదువుకో" అనడం మనకి ఎంత తేలికో ఆలోచించండి. ఆ తల్లిదండ్రులు మాత్రం తమకున్న కొద్దిపాటిలోనే డబ్బు సర్దుకుని సంగీతం చెప్పించారు. తాతగారికి కూడా పాట సరదా ఉండేది. ఆయన ప్రోత్సాహమూ తోడయింది. ఎనిమిదేళ్ళకి స్పెయిన్ జాతీయ రేడియోలో పాడాడు. రేడియోలో మాట్లాడే నాకు ఈ సంగతి మరీ ముద్దుగా అనిపించింది. పదకొండేళ్ళకి, 1958 జనవరిలో, బార్సిలోనాలోని ప్రసిద్ధ లిసేయు నాటకశాలలో ఫాయా రాసిన ఆపెరాలో బాలగాయకుడిగా రంగమెక్కాడు.

అంతమాత్రాన చదువు మానిపించలేదు. పెద్దయ్యాక విశ్వవిద్యాలయంలో రసాయనశాస్త్రంలో చేరి, పక్కనే గాత్రం కూడా నేర్చుకున్నారు. కొడుక్కి పద్దెనిమిదేళ్ళప్పుడు తల్లి కేన్సర్‌తో కన్నుమూసింది. బిడ్డ గొప్పవాడవడం ఆవిడ చూడనేలేదు.

1970లో అదే లిసేయులో 'నోర్మా' అనే ఆపెరాలో చిన్న వేషం వేశారు. పాడింది కొద్దిసేపే. అప్పటికే పేరుమోసిన గాయని మొన్సెరాత్ కబాయే ఆ నాటకంలో నాయిక. ఆవిడ ఆ గొంతు విని ఊరుకోలేదు. ఆ ఏడే 'లుక్రేజియా బోర్జా'లో తనతోపాటు ముఖ్యపాత్ర ఇప్పించారు. ఆ తరవాత ఇద్దరూ పదిహేనుకి పైగా ఆపెరాల్లో కలిసి పాడారు. ఎదిగినవాళ్ళు ఇంకొకరికి చెయ్యందిస్తే ఎంత మేలో చూడండి. 1972లో న్యూయార్క్, 1974లో వియన్నా, లండన్, 1975లో మిలాన్ లోని లా స్కాలా, ఇలా పెద్ద పెద్ద నాటకశాలలన్నీ పిలిచాయి. ఇరవై ఎనిమిదేళ్ళు నిండేసరికి 24 ఆపెరాల్లో నాయకపాత్రలు వేశారు.

ఇక్కడే ఒక చిక్కుంది. టెనార్లందరి గొంతూ ఒకటి కాదు. కారేరాస్‌ది మెత్తని, తీయని గొంతు. 1976 నుంచి కరాయన్ అనే మహా సంగీత నిర్వాహకుడు ఆయనతో సాల్జ్‌బర్గ్‌లో పాడించడం మొదలుపెట్టారు. తరవాత 'ఐదా' లాంటి బరువైన పాత్రలూ వచ్చాయి. పట్టుచీరతో బావిలో నీళ్ళు తోడినట్టు, ఇంత బరువు ఈ గొంతు మోయలేదేమోనని విమర్శకులు కొందరు అన్నారు. పేరొస్తున్నప్పుడు 'వద్దు' అనడం ఎంత కష్టమో ఏ వృత్తిలోవారికైనా తెలిసిందే.

1987 జూలైలో పారిస్‌లో 'లా బొహేమ్' సినిమా తీస్తూండగా ఒంట్లో బాగాలేక పరీక్ష చేయించుకున్నారు. తీవ్రమైన ల్యూకేమియా, అంటే రక్తపు కేన్సర్ అని తేలింది. అప్పటికి నలభై ఏళ్ళు. బతికే అవకాశం పదింట ఒకటి.

ఈ జబ్బు సంగతి మనం కూడా తెలుసుకోవాలి. రక్తకణాలు తయారయ్యేది ఎముకల లోపలి మూలుగలో. అక్కడ తెల్లకణాలు పక్వానికి రాకుండానే అదుపు తప్పి పెరిగిపోతే మంచి రక్తానికి చోటుండదు. బార్సిలోనాలో వైద్యం మొదలుపెట్టి, తరవాత అమెరికాలోని సియాటిల్‌కి తీసుకెళ్ళారు. అక్కడి ఫ్రెడ్ హచిన్సన్ కేంద్రం మూలుగ మార్పిడికి పేరుపొందినది. అక్కడి డాక్టర్ డొనాల్ థామస్‌కి ఈ పరిశోధనకే 1990లో నోబెల్ బహుమతి వచ్చింది. కారేరాస్ మూలుగనే కొంత తీసి, శుభ్రపరిచి, దాచిపెట్టారు. మందులతో, రేడియేషన్‌తో ఒంట్లో మిగిలిన చెడు కణాలని నిర్మూలించి, దాచిన మూలుగని మళ్ళీ రక్తంలోకి ఎక్కించారు. రేడియేషన్ గదిలో కదలకుండా ఉండాల్సిన ఆ నిమిషాలని, తనకొచ్చిన పాటలు మనసులో పాడుకుంటూ గడిపారు. ప్రాణం నిలిచినా గొంతు మిగులుతుందో లేదో అప్పటికి ఎవరూ చెప్పలేరు.

మిగిలింది! 1988 జూలై 21న బార్సిలోనాలో ఆరుబయట పాడితే సుమారు 1,50,000 మంది వచ్చారు. ఆ నెలలోనే ల్యూకేమియా పరిశోధనకీ రోగుల సహాయానికీ తన పేరిట ఫౌండేషన్ పెట్టారు. 1990 జూలై 7న రోమ్‌లో పవరొత్తి, డొమింగో, కారేరాస్ ముగ్గురూ ఒకే వేదికమీద పాడారు. మిత్రుడు కోలుకున్నందుకు సంతోషమూ, ఆ ఫౌండేషన్‌కి విరాళమూ కలిసొచ్చేట్టు పెట్టిన కచేరీ అది. సంగీత నిర్వహణ మన బొంబాయిలో పుట్టిన జుబిన్ మెహతాది. డొమింగో, కారేరాస్ బద్ధశత్రువులనీ, డొమింగో రహస్యంగా డబ్బిచ్చి ఆయన్ని బతికించారనీ ఒక కథ ఫోన్లలో తిరుగుతూంటుంది. అది కల్పితమని కారేరాస్ ఫౌండేషనే చెప్పింది. నిజమైన స్నేహానికి అబద్ధపు అలంకారం ఎందుకు చెప్పండి?

జబ్బు తరవాత ఆయన ఆపెరాలు తగ్గించి కచేరీలు ఎక్కువ చేశారు. గొంతులో మునుపటి మెరుపు తగ్గిందన్నవారూ ఉన్నారు. 2014లో మాత్రం 'న్యాయమూర్తి' అనే అర్థమిచ్చే పేరున్న కొత్త ఆపెరాలో పాడారు. ఫ్రాంకో కాలంలో తల్లిదండ్రుల నుంచి విడదీసిన పిల్లల కథ అది. ఆ పాలనలోనే బడి ఉద్యోగం పోగొట్టుకున్న ఉపాధ్యాయుడి కొడుకు పాడవలసిన కథే మరి!

ఆయన ఫౌండేషన్ 1991లో స్పెయిన్‌లో మూలుగ దాతల జాబితా ఒకటి మొదలుపెట్టింది. ఎందుకంటే అందరికీ తమ మూలుగే పనికిరాదు. తోబుట్టువుది పూర్తిగా సరిపడే అవకాశం నాలుగింట ఒకటే. సరిపడకపోతే ముక్కూమొహం తెలియని దాత కోసం వెతకాలి. మనదేశంలోనూ ఇలాంటి జాబితాలున్నాయి. పేరు నమోదుకి బుగ్గ లోపల దూదిపుల్లతో తీసిన నమూనా చాలు. ఇంట్లో ఈడొచ్చిన పిల్లలుంటే ఈ మాట ఒకసారి వాళ్ళ చెవిన వెయ్యండి. కారేరాస్ పాట మనకి అర్థం కాకపోవచ్చు. ఈ పని మాత్రం అందరికీ అర్థమయ్యేదే.