నాటుకోళ్లకు మాంసకృత్తుల మేత

మరిపెడ ప్రాంతమున చాలామంది రైతులు కోళ్లకు గుప్పెడు జొన్నలో, మొక్కజొన్న నూకలో చల్లి పెరటిలోనికి వదలుదురు. గింజలవలన శక్తి కలుగును. కండ, ఈకలు, గుడ్డు ఏర్పడుటకు మాత్రము మాంసకృత్తులు కావలెను. గింజలలో ఇవి నూటికి 9, 10 పాళ్లే. 40 గ్రాముల గుడ్డులో సుమారు 5 గ్రాములుండును. వానకాలమున పురుగులు, చెదలు ఈ లోటు తీర్చును. వేసవిలో అవి అరుదు. అప్పుడు పిల్లలు గిడసబారును, పెట్టలు గుడ్లు తగ్గించును.

8 వారాల వరకు పిల్లల మేతలో నూటికి 20 పాళ్ల మాంసకృత్తులుండవలెను. 10 కిలోల మేతకు మొక్కజొన్న నూకలు 5 కిలోలు, తవుడు 2 కిలోలు, వేరుశనగ చెక్క రెండున్నర కిలోలు, ఉప్పు వేయని ఎండుచేపల పొడి అర కిలో కలపండి. గుడ్లు పెట్టు పెట్టలకు 16 పాళ్లు చాలును. చెక్క ఒక కిలో తగ్గించి నూకలు అంత పెంచండి. గుడ్డు పెంకు గట్టిపడుటకు ఆల్చిప్పల పొడి వేరుగా ఉంచండి. బూజు పట్టిన చెక్క విషము, వాడరాదు.

నాటుపెట్ట ఏడాదికి సుమారు 50–60 గుడ్లు పెట్టును. అది జాతి లక్షణము. మేత ఆ హద్దును దాటింపలేదు. లోపమువలన పోవు గుడ్లను, పిల్లలను దక్కించుకొనుట మన చేతిలోనిది. అన్నిటికీ కొనలేనివారు ముందుగా పిల్లలకే, గంపక్రింద వేరుగా పెట్టండి.