పరారవుతాడంటే సరిపోతుందా?

తోడబుట్టినవాడు పూచీ పడతానని వచ్చాడు. కుదరదన్నారు. అతని ఆస్తి వేరే జిల్లాలో ఉందట!

మధ్యప్రదేశ్‌లో ఓ తాపీమేస్త్రీకి ఎదురైన అనుభవమిది. 1978 నాటి మాట. బెయిలివ్వమని సుప్రీంకోర్టే చెప్పింది. పూచీకత్తు ఎంతో తేల్చే పని కింది మేజిస్ట్రేటుకు వదిలితే ఆయన పదివేలన్నాడు. ఆ రోజుల్లో, ఓ మేస్త్రీకి, పదివేలు! మళ్లీ ఢిల్లీ దాకా వెళ్లాల్సి వచ్చింది. వెయ్యి రూపాయల సొంత పూచీకత్తు చాలని జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ తేల్చేశారు. అక్కడితో ఊరుకోలేదు. బస్తర్‌లోనో పోర్ట్‌బ్లెయిర్‌లోనో దొంగతనం కేసులో దొరికిన ఆంధ్రుడు జామీనుదారును ఎక్కణ్నుంచి తేవాలి, అతనేమన్నా పరాయి దేశస్థుడా అని నిలదీశారు.

బెయిలు పిటిషన్ వాదనకొస్తే పబ్లిక్ ప్రాసిక్యూటర్ నోట తరచూ వినిపించే మాట ‘పరారవుతాడు’. ఆ భయం ఉత్తదేం కాదు. నిందితుడు సిమ్ మార్చి, ఊరు మార్చి మాయమైతే కేసు ఏళ్ల తరబడి మూలనపడుతుంది. నష్టపోయినవాళ్లే వాయిదాల చుట్టూ తిరగాలి. అయితే ఆ మాటకు ఆధారమేది? ఇల్లు అమ్మకానికి పెట్టాడా? గతంలో వారెంట్ వచ్చినా కోర్టుకు రాలేదా? నోటీసిచ్చిన ప్రతిసారీ స్టేషన్‌కొచ్చి బల్ల మీద కూర్చున్నవాడి గురించీ అదే వాక్యం రాస్తే, దాన్ని అనుమానం అనలేం. ఖాళీలు పూరించిన ఫారం అనాలి.

ఇక పరారైనవాళ్లకు ఉదాహరణలంటే మాల్యా, నీరవ్ మోదీ. తమాషా చూడండి: 2016 మార్చిలో ఒకరు, 2018 జనవరిలో ఇంకొకరు దేశం దాటినప్పుడు ఇద్దరూ బెయిలు మీద లేరు. అప్పటికి వాళ్లను అరెస్టే చేయలేదు. వాళ్లు వెళ్లిపోయిన పాపం బెయిలు ఖాతాలో ఎలా వేస్తారు? 2019 అక్టోబరులో సీబీఐ కేసులో మాజీ కేంద్ర మంత్రి చిదంబరానికి బెయిలిస్తూ సుప్రీంకోర్టు ఈ వాదననే పక్కన పెట్టింది. ఎవరో పారిపోయారని ఈయనకు నిరాకరించలేం, ఎవరి సంగతి వారిదేనంది.

పారిపోకుండా చూసే దారులు చట్టంలో బోలెడు. పాస్‌పోర్టు అప్పగించమనొచ్చు. వారంవారం స్టేషన్‌లో సంతకం పెట్టమనొచ్చు. వాయిదాకు రాకపోతే బాండు సొమ్ము పోతుంది, భారతీయ న్యాయ సంహిత 269వ సెక్షన్ కింద ఏడాది దాకా జైలూ పడొచ్చు. వీటికీ ఓ హద్దుంది. నిందితుడు గూగుల్ మ్యాప్స్‌లో తానున్న చోటు ఎప్పుడూ పోలీసులకు కనబడేలా ఉంచాలన్న షరతును 2024 జులైలో సుప్రీంకోర్టు కొట్టేసింది. ఆ నిందితుడు నైజీరియా దేశస్థుడు, పైగా మాదకద్రవ్యాల కేసు.

పాస్‌పోర్టు మొహమే ఎరగనివాళ్ల గొడవ వేరు. 2022 చివరికి దేశంలోని జైళ్లలో 5.73 లక్షల మంది ఉంటే, 4.34 లక్షల మంది విచారణ ఖైదీలే. బెయిలు ఉత్తర్వు చేతికొచ్చినా ష్యూరిటీ దొరక్క లోపలే ఉండిపోయినవాళ్లూ వాళ్లలో ఉన్నారు. ఈ కొరతే నకిలీ ష్యూరిటీల వ్యాపారాన్ని పోషిస్తోంది. దొంగ పన్ను రసీదు పట్టుకుని, ముక్కూ మొహం తెలియనివాడికి పూచీ పడిన మనిషి రేపు అతణ్ని వెతికి తెస్తాడా? విడుదల ఆలస్యం కావడానికి స్థానిక జామీనుదారు కావాలన్న పట్టుదల ఓ కారణమని, అలాంటి కేసుల్లో ఆ షరతు పెట్టకపోవచ్చని 2023 జనవరిలో సుప్రీంకోర్టు సూచించింది.

ఆనాడు కృష్ణయ్యర్ బస్తర్‌లో చిక్కుకున్న ఆంధ్రుణ్ని తలచుకున్నారు. ఇప్పుడు ఒడిశాలోని బలంగీర్ నుంచి మన ఇటుక బట్టీలకు వలస వస్తున్నారు. వాళ్లలో ఒకడు ఇక్కడ ఏ చిల్లర దొంగతనం కేసులోనో రిమాండుకెళ్తే, బట్టీ పక్క గుడిసెకు ఇంటి పన్ను రసీదుండదు. పూచీ పడే అన్నదమ్ములుంటే బలంగీర్‌లోనే ఉంటారు.